పంకా ఎన్ని చుట్లు, పడవ ఎంత దూరం?

మొన్నటి విహారయాత్రలో మేమంతా విశాఖపట్నం బీచిలో ఐ.ఎన్.ఎస్. కుర్సురా చూసినాం. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో విరమించిన జలాంతర్గామి అది. 2002 నుంచి ఒడ్డు మీద మ్యూజియం. పొడవు 91 మీటర్లు, వెనుక మూడు ప్రొపెల్లర్లు. "ఈ పంకా రెండింతలు తిప్పితే పడవ రెండింతలు ఉరుకుతదా?" అని ఒక మిత్రుడు అడిగిండు. "ఉరుకుతది" అన్నాను. సగమే చెప్పినానని ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక తెలిసింది.

ప్రొపెల్లర్ అంటే నీటిలో తిరిగే మర. మర ఒక్క చుట్టుకు చెక్కలో ఎంత దిగుతుందో ఆ కొలతే పిచ్. ఊరికే లెక్కకు పిచ్ ఒకటిన్నర మీటరు, నిమిషానికి 200 చుట్లు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్లు పోవాలి. కాని నీరు చెక్క కాదు, తోసినకొద్దీ వెనక్కి జారుతుంది. మా బాపు కేజ్‌వీల్స్ వేసి ట్రాక్టరును బురద పొలంలో దింపినప్పుడు చూడాలి! చక్రం తిరిగినంత దూరం బండి కదలదు. ఇదే స్లిప్. అది నూటికి 20 అయితే మన పడవకు దక్కేది 14.4 కిలోమీటర్లు, సుమారు 8 నాట్లు. (వరి నాట్లు కావు సుమా! సముద్రపు నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.)

మామూలు వేగాల్లో ఈ స్లిప్ శాతం పెద్దగా మారదు. కనుక చుట్లు రెండింతలైతే వేగమూ దాదాపు రెండింతలే. ఇంతవరకు నా మాట నిజం. మరి శక్తి? వేగం రెండింతలైతే నీటి నిరోధం నాలుగింతలు, కావలసిన శక్తి ఎనిమిదింతలు! లోతుకు మునిగాక డీజిల్ ఇంజన్లకు గాలి అందదు. కుర్సురా బ్యాటరీల మీదే నడవాలి. నీటి కింద దాని గరిష్ఠ వేగం 15 నాట్లు. ఆ వేగంతో పోతే బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. సగం వేగంతో అయితే, లోపలి దీపాలు, ఫ్యాన్ల ఖర్చు పక్కన పెడితే, అదే దూరానికి నాలుగో వంతు చార్జి చాలు. బ్యాటరీ అయిపోయిందా, పైకి తేలాలి, లేదా గాలిగొట్టమైనా పైకెత్తాలి. శత్రువు కంట పడ్డట్టే.

చప్పుడు సంగతి ఇంకొకటి. రెక్క మరీ వేగంగా తిరిగితే దాని వీపు దగ్గర ఒత్తిడి పడిపోయి చల్లని నీళ్లే మరిగినట్టు బుడగలు లేస్తాయి. అవి పగులుతుంటే ఆ చప్పుడు దూరం పోతుంది. శత్రునౌకలో సోనార్ చెవికి పెట్టుకున్నవాడు రెక్కల దరువు లెక్కబెట్టి, నిమిషానికి ఇన్ని చుట్లు, అంటే ఇంత వేగం అని అంచనా కట్టేవాడు. మనం పైన వేసిన లెక్కే, కాకపోతే ప్రాణాల మీది లెక్క. అందుకే వేటలో చిక్కిన కెప్టెన్ తరచు పంకా తగ్గించి, ఇంకా లోతుకు దిగేవాడు. లోతున ఒత్తిడి ఎక్కువ, బుడగలు అంత తొందరగా లేవవు. అప్పటి వేగం రెండు మూడు నాట్లు, మనం పొలం ఒడ్డు మీద నడిచే నడకంత.