సెల్ఫ్ తీసుకోని కారు: తాళం తిప్పినప్పుడు ఏం వినబడుతోంది?

జనవరిలో ఒక ఆదివారం, పొద్దున ఆరు గంటలు. నంగునూరులో ఒక ఇంటి వాకిట్లో అందరూ కొమురవెల్లి మల్లన్న దగ్గరికి బయల్దేరుతున్నారనుకుందాం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే జాతర. ఎండెక్కకముందే దర్శనం చేసుకోవాలని తొందర. ఇంటాయన తాళం తిప్పాడు. టక్... టక్‌టక్‌టక్‌టక్. డాష్‌బోర్డు లైట్లు మసకబారి మళ్లీ వెలిగాయి. ఇంజిన్ మాత్రం కదల్లేదు. దసరాకు బాగా తిరిగిన కారే. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు సిద్దిపేట పోయొచ్చి, రేకుల షెడ్డు కింద ఉండిపోయింది.

"బ్యాటరీ పోయినట్టుంది బావా, కొత్తదేయించాలె" అన్నాడు బావమరిది.

ఆ మాట నిజం కావచ్చు. కానీ బ్యాటరీ ఖాళీ కావడం వేరు, చెడిపోవడం వేరు. ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపుకోవచ్చు. ఎందుకు ఖాళీ అయిందో తేల్చుకోకుండా వేలు పోసి కొత్తది వేయిస్తే, నెల తిరిగేసరికి అదీ ఖాళీ అవుతుంది. అందుకే డబ్బు తీసే ముందు పది నిమిషాలు కారు దగ్గర నిలబడి చూడాలి, వినాలి.

ఇంజిన్ తనంతట తాను మొదలవలేదు. లోపలి పిస్టన్లు ముందు ఒకసారి కదలాలి. గాలిని, ఇంధనాన్ని లోపలికి లాక్కుని ఒత్తాలి. అప్పుడు మంట అంటుకుంటే ఆపైన తనే తిరుగుతుంది. ఆ మొదటి తిప్పుడు ఎవరో ఒకరు తిప్పాల్సిందే. పాత అంబాసిడర్లకు ముందువైపు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పేవారు. పొలంలో ఆయిల్ ఇంజిన్‌కు హ్యాండిల్ కొట్టిన పెద్దలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఇంజిన్ ఎదురు తంతే మణికట్టు విరిగేదని వాళ్లే చెబుతారు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. చేతులు చేసిన పని అప్పటి నుంచి బ్యాటరీ మీద పడింది. మనం 'సెల్ఫ్' అంటున్నది ఆ స్టార్టర్ మోటారునే.

ఈ సెల్ఫ్ మోటారు చూడటానికి చిన్నది, కరెంటు మాత్రం విపరీతంగా తాగుతుంది. తిరిగే ఆ ఒకటి రెండు సెకన్లలో వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. డీజిల్ బండి ఇంకా ఎక్కువ లాగుతుంది. కారు లోపలి చిన్న బల్బుకు అర ఆంపియర్ కూడా అక్కర్లేదు. "లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగుంది" అనుకోవడం ఇక్కడే తప్పుతుంది. బల్బు వెలిగించే ఓపిక మిగిలి ఉన్నా, ఇంజిన్ తిప్పే సత్తా ఉండకపోవచ్చు. బోరు మోటారు ఉన్న రైతుకు ఇది కొత్త సంగతి కాదు. లో వోల్టేజీ ఉన్నప్పుడు షెడ్డులో బల్బు ఎర్రగానైనా వెలుగుతుంది, మోటారు మాత్రం ఎత్తుకోదు.

ఆ టక్‌టక్ కూడా రైతు విన్నదే. సెల్ఫ్ మోటారుకు సోలెనాయిడ్ (కరెంటు అందగానే అయస్కాంతంలా మారి పెద్ద స్విచ్చును మూసే తీగచుట్ట) ఉంటుంది. తాళం తిప్పగానే అది స్విచ్చును మూస్తుంది. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. నీరసించిన బ్యాటరీ వోల్టేజీ అమాంతం పడిపోతుంది. దాంతో అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. భారం తగ్గగానే వోల్టేజీ లేస్తుంది, అయస్కాంతం మళ్లీ పట్టుకుంటుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరిగితే వినబడేదే టక్‌టక్‌టక్. మోటారు స్టార్టరు డబ్బా లో వోల్టేజీలో టకటకలాడేదీ ఇందుకే. కారులో ఈ చప్పుడు వినబడితే రెండే అనుమానాలు పెట్టుకోవాలి. బ్యాటరీలో చార్జి లేదు, లేదా ఉన్న చార్జి దారిలో ఎక్కడో అడ్డుపడుతోంది.

రెండో అనుమానాన్ని ముందు తీర్చుకోవడం మేలు, దానికి పైసా ఖర్చు లేదు. బానెట్ ఎత్తండి. బ్యాటరీ మీద రెండు సీసపు గుబ్బలు, వాటిని పట్టుకున్న బిగింపులు కనిపిస్తాయి. ఇవే టెర్మినళ్లు. ఒకదాని చుట్టూ తెల్లగా, కొంచెం నీలం ఆకుపచ్చ కలిసిన పొడి సున్నంలా పేరుకుని ఉందా? బ్యాటరీలోని ఆమ్లపు ఆవిరి లోహాన్ని తినగా మిగిలిన లవణం అది. కరెంటును సరిగ్గా పోనివ్వదు. బిగింపును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కదిలిందంటే వదులుగా ఉన్నట్టే. కొళాయి దగ్గర పైపు నలిగితే ధార సన్నబడినట్టు, ఇక్కడా చిన్న కరెంటు పోతుంది, పెద్దది పోదు.

శుభ్రం చేయడానికి ఒక వరస ఉంది. చాలా కార్లకు పది నంబరు పానా చాలు. ముందు మైనస్ వైపు విప్పాలి, తర్వాతే ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారు ఇనుప ఒళ్లంతా మైనస్‌కు కలిపి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ మీద పానా పెట్టినప్పుడు దాని రెండో కొస బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. పానా కాలి చెయ్యి కాలుతుంది. వేడినీళ్లలో వంట సోడా కలిపి ఆ పొడి మీద పోస్తే బుసబుసమని పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోవాలి. పాత బ్రష్షుతో రుద్ది, ఆరనిచ్చి, బిగించి, పైన కాస్త వాజిలిన్ రాస్తే చాలు. పొడిని చేత్తో ముట్టుకోవద్దు. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

టెర్మినళ్లు శుభ్రంగా, గట్టిగా ఉన్నా టక్‌టక్ పోకపోతే చార్జి ఎంతుందో కొలవాలి. మల్టీమీటర్ కోసం సిద్దిపేట దాకా పోనక్కర్లేదు, మోటారు వైండింగ్ షాపులో తప్పకుండా ఉంటుంది. డీసీ వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర పుల్ల ప్లస్‌కు, నల్ల పుల్ల మైనస్‌కు ఆనించాలి. 12.6 వస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే కిందికి పోతే ఖాళీ అయినట్టే. తర్వాత ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఆ క్షణంలో అంకె 9.6 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీకి మోటారును తిప్పే సత్తా లేదు. 12.6 చూపించినా అలా పడిపోతోందంటే చార్జి సరే, లోపలి పలకలు అరిగిపోయాయని అర్థం.

ఈ బెడద చలికాలం పొద్దుటే ఎందుకొస్తుంది? కారు బ్యాటరీ రసాయనిక పద్ధతిలో పనిచేస్తుంది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం పద్ధతే అది. తిరుపతి దగ్గరి కరకంబాడి కర్మాగారంలో ఇప్పుడు తయారయ్యే అమరాన్ బ్యాటరీలోనూ సూత్రం అదే. చలికి ఆ రసాయనిక చర్య మందగిస్తుంది. అదే చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఇచ్చేది తగ్గి, అడిగేది పెరుగుతుంది. నిజానికి బ్యాటరీని చంపేది మన ఎండాకాలమే. నలభై డిగ్రీలు దాటిన వేడికి పలకలు త్వరగా తుప్పు పడతాయి, నీరు ఆవిరవుతుంది. మే నెలలో తగిలిన దెబ్బ జనవరిలో బయటపడుతుంది.

పైగా నిలబడి ఉన్న కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది. గడియారం, అలారం, తాళం సంకేతం కోసం ఎదురుచూసే పరికరం ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. అవన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్ల (ఆంపియర్‌లో వెయ్యో వంతును మిల్లీఆంపియర్ అంటారు) లోపు లాగితే మామూలే. చిన్న పెట్రోలు కారులో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద ఆ 50 ఎంతకాలం నడుస్తుందో లెక్కేయండి. 700 గంటలు, అంటే 29 రోజులు. పూర్తిగా ఎండిపోయే దాకా సెల్ఫ్ ఆగదు, అంతకు చాలా ముందే మొరాయిస్తుంది. డిక్కీ సరిగ్గా పడక లోపలి 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉంటే అదే బ్యాటరీ మూడున్నర రోజుల్లో అయిపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సీసపు లవణం గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా నిండదు. ఊళ్లో కారు పెట్టి పట్నంలో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క సంగతే.

సరే, జాతరకు వెళ్లాలి. పక్కింట్లో ఇంకో కారు లేకపోయినా ట్రాక్టరు ఉంటుంది. ట్రాక్టరు బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులే కాబట్టి దాంతో జంపర్ కేబుళ్లు (రెండు బ్యాటరీలను కలిపే లావుపాటి తీగలు) వేసుకోవచ్చు. పెద్ద లారీ జోలికి మాత్రం పోవద్దు. వాటిలో 24 వోల్టులు ఉండటం మామూలు, కారులోని కంప్యూటర్ కాలిపోతుంది. ఎర్ర తీగ ఒక కొస మన ప్లస్‌కు, రెండోది వాళ్ల ప్లస్‌కు. నల్ల తీగ వాళ్ల మైనస్‌కు పెట్టి, చివరి కొసను మన బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా ఇంజిన్ మీద రంగులేని ఇనుముకు పట్టించాలి. ఆఖరి కొస తగిలినప్పుడు నిప్పురవ్వ రావచ్చు. బ్యాటరీ పక్కన హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, ఆ రెండూ కలిస్తే పేలుతుంది. ట్రాక్టరును నెమ్మదిగా ఐదు నిమిషాలు తిరగనిచ్చి మన తాళం తిప్పాలి. పది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో నిమిషం ఆగండి. బండి అందుకున్నాక తీగలు పెట్టిన వరసకు ఎదురుగా తీయాలి.

నలుగురు మనుషులుంటే తోయడమూ ఒక దారే. గేరు చేత్తో మార్చే బండికే అది పనికొస్తుంది. తాళం ఆన్‌లో ఉంచి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి, వేగం అందుకోగానే వదలాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకు, స్టీరింగు బరువెక్కుతాయి. అందుకే వాలు రోడ్డు మీదకు తోయొద్దు. డాష్‌బోర్డు లైట్లు కూడా వెలగనంత ఖాళీ అయితే తోసినా లాభం లేదు, ఇంధనం పంపే పంపుకే కరెంటు అందదు.

చప్పుడు వేరైతే కథ వేరు. హెడ్‌లైట్లు తగ్గకుండా వెలుగుతూ, 'టక్' అని ఒక్కసారే వినబడితే సెల్ఫ్ మోటారునో సోలెనాయిడ్‌నో అనుమానించాలి. ఏ చప్పుడూ లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ అయితే గేరు పార్కింగ్‌లో ఉందా చూడండి. బటన్ స్టార్ట్ బండి అయితే తాళంలోని చిన్న సెల్ అయిపోయి ఉండొచ్చు. ఆ తాళాన్నే బటన్‌కు ఆనించి నొక్కితే చాలా బండ్లు అందుకుంటాయి.

ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదంటే బ్యాటరీని వదిలేయండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు సన్నగా 'జుయ్' మనాలి, అది పెట్రోలు పంపు. వినబడకపోతే ఫ్యూజు చూడాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అంతే ఆంపియర్లది పెట్టాలి, తీగముక్క చుట్టకూడదు. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమిణుకుమంటూ ఉంటే ఇమ్మొబిలైజర్ (తాళంలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్‌ను కదలనిచ్చే ఏర్పాటు) అడ్డుకుంటోంది. రెండో తాళంతో ప్రయత్నించండి. డీజిల్ అడుగంటిన బండికి ట్రాక్టరుకు పట్టినట్టే ఎయిర్ పడుతుంది, ఫిల్టరు దగ్గరి చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి. వరి కోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గి ఎలుకలు షెడ్లలోకి చేరతాయి. బానెట్ కింద గడ్డిపోచలు, కొరికిన వైరు ముక్కలు కనిపిస్తే అక్కడితో ఆగి మెకానిక్‌కు ఫోన్ చేయండి. "స్టార్ట్ అయితలేదు" అని ఊరుకోకుండా ఏ చప్పుడు వస్తోందో, లైట్లు ఎలా ఉన్నాయో, మీటరు ఎంత చూపిందో చెబితే కావాల్సిన సామాను వెంట తెచ్చుకుంటాడు.

మన నంగునూరు కారు ట్రాక్టరు సాయంతో అందుకుందనుకుందాం. ఇంజిన్ తిరుగుతుండగా టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే ఉండిపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే యంత్రం, ఊళ్లో డైనమో అంటారు) పనిచేయట్లేదు. ఆ బండితో కొమురవెల్లి బయల్దేరితే దారిలో ఆగుతుంది. సరిగ్గా వస్తే నిశ్చింతగా వెళ్లిరావచ్చు. వాకిట్లో ఊరికే ఆన్‌లో ఉంచడం కంటే దూరం నడపడమే బ్యాటరీకి మంచిది.

తిరిగొచ్చాక చార్జర్‌తో రాత్రంతా పూర్తిగా చార్జి చేయించి, మర్నాడు రాత్రి బానెట్ తెరిచే ఉంచండి. పొద్దున తలుపు తీస్తే కారులోని పరికరాలన్నీ మేలుకుని కొలత తప్పుతుంది. తలుపు తీయకుండా కొలవండి. 12.5 పైన ఉంటే కారు నిలబడి ఉండటం వల్లే ఖాళీ అయింది. వారానికొకసారి నడపండి, లేదా ఊరెళ్లేటప్పుడు మైనస్ విప్పి వెళ్లండి. బాగా పడిపోతే మళ్లీ చార్జి చేసి, ఈసారి మైనస్ విప్పి ఒక రాత్రి ఉంచి కొలవండి. ఇప్పుడు పడలేదంటే కారులో ఏదో కరెంటు కాజేస్తోంది, ఎలక్ట్రీషియన్ వెతకాలి. విప్పి ఉంచినా పడిపోతే బావమరిది మాటే నిజం. పాత బ్యాటరీని వెంట తీసుకునే సిద్దిపేట వెళ్లండి, దుకాణంలో దాని సీసానికి ఇంతని కొత్తదాని ధరలో తగ్గిస్తారు.