గెలిచారు సరే... ఫైలు పారేయొద్దు!

చిన్నప్పుడెప్పుడో క్యాన్సర్ వచ్చింది. తగ్గిపోయింది. చదువు, ఉద్యోగం, పెళ్లి... అన్నీ అందరిలాగే! మరి అలాంటివారికి కొవిడ్ సోకితే? అందరికీ సోకినట్టేనా? 2020లో ఎన్నో ఇళ్లలో నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. అప్పుడు డాక్టర్ల దగ్గరా లెక్కల్లేవు. ఇప్పుడున్నాయి.

ముందు, చికిత్సలో ఉన్న పిల్లల సంగతి. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి, పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం కలిసి 45 దేశాల నుంచి వివరాలు సేకరించాయి. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొవిడ్ సోకిన ప్రతి అయిదుగురిలో ఒకరికి జబ్బు ముదిరింది. నూటికి దాదాపు నలుగురు చనిపోయారు. పేద దేశాల్లో ముప్పు మరీ ఎక్కువ.

మరి ఎప్పుడో కోలుకుని పెద్దవాళ్లయినవారు? స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో అలాంటి 13 వేలమందికి పైగా వివరాలను పరిశోధకులు పరిశీలించారు. 2025లో వచ్చిన ఆ నివేదికలో ఓ చిత్రమైన విషయం ఉంది. మిగతా జనంతో పోలిస్తే వీరిలో వైరస్ సోకినవారు కాస్త తక్కువే. కానీ జబ్బు తీవ్రమయ్యే ముప్పు మాత్రం 58 శాతం ఎక్కువ! అలాగని బెంబేలెత్తక్కర్లేదు. అంత తీవ్రంగా జబ్బుపడినవారు మొత్తమ్మీద కొద్దిమందే.

ఎందుకిలా?

క్యాన్సర్‌ను తరిమిన మందులే కొందరిలో ఆనవాళ్లు వదిలి వెళ్తాయి. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ ఇంజెక్షన్ మోతాదు ఎక్కువైతే ఏళ్ల తర్వాత కూడా గుండె కండరం బలహీనపడొచ్చు. బ్లియోమైసిన్, ఛాతీకి ఇచ్చిన రేడియేషన్ వల్ల ఊపిరితిత్తులు గట్టిపడొచ్చు. మామూలు రోజుల్లో ఇవేవీ బయటపడకపోవచ్చు. కొవిడ్ పరీక్ష పెట్టేది సరిగ్గా ఆ ఊపిరితిత్తులకీ గుండెకే. అందుకే ఏ మందులు ఎంత వాడారన్నది ముఖ్యం. చికిత్స నాటికి పసివాళ్లు కాబట్టి చాలామందికి అదే తెలియదు. అమ్మానాన్నలేమో ‘ఆ రోజులు మళ్లీ గుర్తొద్దు’ అంటూ కాగితాలన్నీ తీసి పక్కన పడేస్తారు. అక్కడే పొరపాటు!

ఇవి మరవొద్దు...

* మందుల పేర్లు, మోతాదు, రేడియేషన్ వివరాలు చికిత్స చేసిన ఆసుపత్రిలో రాయించుకోండి. ఫోనులో ఓ ఫొటో ఉంచుకోండి.
* గుండెకు ఎకో పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టర్ని అడగండి.
* కొవిడ్, ఫ్లూ టీకాల గురించి అడిగి తెలుసుకోండి.
* జ్వరం, ఆయాసం వస్తే సొంతవైద్యం వద్దు. డాక్టర్‌కి మొదటి మాటగా పాత జబ్బు సంగతి చెప్పండి.

బిడ్డ పెద్దయ్యాక ఆ ఫైలు తన చేతికే ఇవ్వండి. అది భయపెట్టడానికి కాదు... కాపాడుకోవడానికి!