గ్యాసు కాదు, గండి

మా బాబాయిది రేపల్లె దగ్గర పల్లె. ఓ రోజు తెల్లవారుజామున ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నాడు. ఒళ్లంతా చెమట. ఎడమ దవడ దాకా లాగేస్తోందట. ఇంట్లోవాళ్లు సోడా తాగించారు, వాము నమిలించారు. "రాత్రి ఎండు చేపల కూర గట్టిగా లాగించాడుగా, గ్యాసే" అని తేల్చేశారు. పొద్దెక్కాక తెనాలి, అక్కణ్ణుంచి గుంటూరు. ప్రాణం దక్కింది గానీ గుండె కండరంలో కొంత భాగం పోయింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

అంతకు రెండు నెలల ముందే ఆయన ఈసీజీ తీయించుకున్నాడు. నార్మల్ అని వచ్చిన కాగితాన్ని పర్సులో పెట్టుకుని కనబడ్డవాడికల్లా చూపించేవాడు.

ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. కాలవల మధ్య బతికేవాళ్లం కదా, గుండెజబ్బంటే పూడిక పేరుకుని నీళ్లాగిపోవడమే అనుకుంటాం. అది సగమే నిజం. కొవ్వు చేరేది రక్తనాళం గోడ లోపల, గట్టులో ఎలుక బొరియ తవ్వినట్టు. పైకి నీళ్లు బాగానే పారుతుంటాయి. ఒకనాడు ఆ గోడ చిట్లుతుంది. గాయం మాన్పడానికని శరీరం అక్కడ రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డే నిమిషాల్లో దారి మూసేస్తుంది. అందుకే నాళం సగం కూడా పూడనివాళ్లకూ గుండెపోటు వస్తుంది. నిన్న కాలవగట్టు మీద చకచకా నడిచిన మనిషి ఇవాళ కూలబడతాడు. నొప్పి వచ్చినప్పుడు ముందు తీయించాల్సింది ఈసీజీయే. రేపు గండి పడుతుందో లేదో మాత్రం అది చెప్పలేదు.

చూసుకోవాల్సింది బొరియ తవ్వేవాటిని: బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, పొగాకు. గుండెజబ్బు పట్నంవాళ్లదనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది.

ముప్పయ్యేళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే చూస్తారు. చూపించుకోవడంలోనే ఉంది తిరకాసు. బండి దిగీ దిగగానే చొక్కా చెయ్యి పైకి లాగి, ఫోన్లో మాట్లాడుతూనే బీపీ చూపించుకుంటే వచ్చేది బీపీ కాదు, హడావుడి. ఐదు నిమిషాలు వీపు ఆనించి నోరు మెదపకుండా కూర్చోవాలి. అరగంట ముందునుంచి కాఫీ, చుట్ట బంద్. రెండుసార్లు కొలిపించాలి. వేర్వేరు రోజుల్లో కూడా 140/90 దగ్గరో ఆపైనో ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. పరగడుపు షుగరు 126 గానీ ఆపైన గానీ ఉన్నా అంతే. మాత్ర వేసుకుంటే బీపీ దిగింది కదా అని మాత్ర మానేసేవాళ్లు మనలో బోలెడుమంది. వాన పడట్లేదని గొడుగు మూస్తాం, సరే. తడవడం లేదని మూస్తామా?

ఇక ఉప్పు. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే కంచంలోకి వస్తే ఆ చెంచా ఎక్కడ ఆగుతుంది? నిజాంపట్నం ఎండు చేపలు మానెయ్యమని మాత్రం నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. వేణ్ణీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబొయ్యండి. కూరలో వేరే ఉప్పు వెయ్యకండి. ఆ పూట పచ్చడి జాడీ మూత తియ్యకండి.

బాబాయి పర్సులో ఇప్పుడా ఈసీజీ లేదు, వారం వారం రాసుకున్న బీపీ అంకెలున్నాయి. మొన్న బాపట్లలో పెళ్లి భోజనాల దగ్గర పక్కాయన ఛాతీ రుద్దుకుంటూ సోడా అడిగాడు. బాబాయి విస్తరి ముందునుంచి లేచి, "సోడా తర్వాత, ముందు 108కి కొట్టండ్రా" అని పందిరంతా అదిరేలా కేకేశాడు. తీరా అది గ్యాసేనట. పిన్ని తలెత్తుకోలేకపోయానంది. ఆయన మాత్రం తాపీగా కూర్చుని పెరుగన్నం కలుపుకున్నాడు, ఉప్పు లేకుండా.