పరుగునకు బలము, చేతికి నేర్పు ఎట్లు కలుగును?

ఆటల పోటీలు ముగిసిన పిదప ఏటేట ఒక మాట వినవచ్చును: “వానికి పుట్టుకతోనే కాళ్ల బలమున్నది, నాకు లేదు.” ఇట్లనుకొనిన బాలుడు క్రమముగా మైదానమునకు వచ్చుట మానును. ఆటలు చదువునకు అడ్డమని పిల్లలను మాన్పించు తల్లిదండ్రులును కలరు. ఈ తలంపులలో నిజమెంత గలదో విచారింతము.

ఆటలును శాస్త్రమునకు లోబడినవే. దీనిని గుర్తించియే హ్యారీ క్రో బక్ గారు 1920లో మద్రాసునందు వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించిరి.

మొదట బలమును గూర్చి చెప్పుదును. కండరము ముడుచుకొనుటకు శక్తి కావలెను. ఆ శక్తి మూలమును తెలిపినవారిలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే గారితో కలిసి, 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను గూర్చియు, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును గూర్చియు ప్రకటించిరి. ఆ 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ గారును ఏ.టి.పి.ని కనుగొనిరి. కండరము లాక్టిక్ ఆమ్లము వలననే పనిచేయునను పూర్వపు నమ్మకము దీనితో సడలిపోయెను. ఇంతటి పండితుడు మెట్రిక్యులేషన్‌లో మూడవసారికి గాని ఉత్తీర్ణుడు కాలేదు.

ఏ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. కొన్ని క్షణములలో వ్యయమగును. ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటనే పూరించును గాని, అదియు తీవ్రమైన పరుగులో పది సెకనుల ప్రాంతమున చాలవఱకు తరిగిపోవును. నాలుగు వందల మీటర్ల పరుగులో చక్కెర త్వరత్వరగా ఖర్చుపడును, కాళ్లు బరువెక్కును. అప్పుడు పుట్టు లాక్టేటు వట్టి మలినము కాదు; గుండెయు ఇతర కండరములును దానిని ఇంధనముగా వాడుకొనును. దూరపు పరుగులో ప్రాణవాయువు సాయమున చక్కెరయు క్రొవ్వును దహింపబడును. కొన్ని వారముల అభ్యాసముచే గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో ఎక్కువ రక్తమును పంపును. కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. ఈ మార్పులకు పరుగెంత అవసరమో, విశ్రాంతియు నిద్రయు అంత అవసరము.

ఇక నేర్పు. దీని నివాసము ముఖ్యముగా మెదడు, నాడులు. మన గద్వాల నేతగాండ్రను చూడుడు. నూలు చీరకు పట్టు అంచు కూర్చుట నేర్చువాడు మొదట ప్రతి పోగును, ప్రతి నాడెను ఆలోచించి కదపును. కొంతకాలమునకు తప్పులు తగ్గును. తుదకు మాటలాడుచునే నేయగలుగును. 1967లో ఫిట్స్, పోస్నర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు నేర్పునకు ఇట్టి మూడు దశలనే చెప్పిరి. చెడుగుడుకును వాలీబాలుకును ఇదియే వర్తించును.

1979లో షియా, మోర్గన్ అను పరిశోధకులు కొందఱిచే మూడు విధములైన చేతి కదలికలను అభ్యసింపజేసిరి. ఒకదాని వెంట ఒకటి వరుసగా అభ్యసించినవారు అప్పటికి మేలనిపించిరి. కలగలిపి అభ్యసించినవారు తడబడిరి. పదిదినముల తరువాత పరీక్షింపగా తడబడినవారే బాగుగా నిలుపుకొనిరి. కావున ఒక దినపు తడబాటును జూచి బిడ్డకు నేర్పు లేదని తీర్పు చెప్పరాదు.

పుట్టుకతో వచ్చు భేదములు లేకపోలేదు. అందఱును ప్రథములు కానేరరు. కాని నిన్నటికంటె నేడు మెరుగుపడుట దాదాపు ప్రతివానికిని సాధ్యము.

విద్యార్థులారా, కొద్దిగా ఆరంభించి క్రమముగా పెంచుడు. కఠిన శ్రమ చేసిన మరునాడు తేలికగా నుండుడు. మన సీమ యెండలు తీవ్రములు గనుక ఉదయమో సాయంకాలమో ఆడుడు; నీరు త్రాగుట మరువకుడు. తల్లిదండ్రులకు ఒక మనవి: అయిదు మొదలు పదునేడేండ్ల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషముల చుఱుకైన శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. ఇది బాలురకెంతయో బాలికలకును అంతే. వెనుకబడిన బిడ్డను ఇంట కూర్చుండబెట్టక మైదానమునకు పంపుడు. అభ్యాసము వలన అధిక లాభము పొందగలవాడు వాడే.