ఆట, చదువు, ఆడపిల్ల: స్టాన్‌ఫర్డ్ మహిళా గోల్ఫ్ జట్టు చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు మండలము తెలుగు కన్నడములకు కూడలి. 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిమ్మట మైసూరు రాష్ట్రమున, అనగా నేటి కర్ణాటకమున, చేరిన యీ మండలమున తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా గలవు. తుంగభద్ర యెడమ కాలువకు నీరు వచ్చిన పిమ్మట సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా జిల్లాల రైతులు వలసవచ్చి, క్యాంపులను పేర పల్లెలు కట్టుకొనిరి. అట్లు వచ్చినవారికి మొదటి చింత నీటిది. రెండవ చింత పిల్లల చదువుది. ఆడపిల్ల కళాశాలకు పోవుట యిప్పుడు వింత కాదు. కాని కళాశాలకు పోయిన పిల్ల మైదానమునకు గూడ పోవలెనా యనునది పెక్కు ఇండ్లలో నేటికిని తెగని ప్రశ్నయే. ఆటలో పడినచో చదువు చెడునని పెద్దల భయము. ఆ భయము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మహిళా గోల్ఫ్ జట్టు చరిత్ర మిక్కిలి తోడ్పడును. ఆ జట్టు విజయములలో భారతీయ సంతతికి చెందిన యొక యువతికిని భాగము కలదు.

ఆట స్వరూపము

గోల్ఫ్ స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. ఆంగ్లేయులతోడ నది భారతదేశమునకు వచ్చెను. 1829లో కలకత్తాలో స్థాపింపబడిన క్లబ్బు బ్రిటిషు దీవుల వెలుపల నున్నవానిలో అతి ప్రాచీనమని ప్రసిద్ధి. బెంగుళూరు క్లబ్బు 1876 నాటిది. హైదరాబాదున గోలకొండ కోట చెంత, నయాఖిలా ప్రక్కన, నేడొక గోల్ఫ్ మైదానము కలదు. విశాలమైన నేల, విస్తారమైన నీరు, ఖరీదైన సామగ్రి కావలసియుండుటచే నిది చిరకాలము దొరల ఆటగనే యెంచబడినది.

ఆట నియమము చూచుటకు సులభము. మైదానమున పదునెనిమిది గుంటలుండును. ప్రతి గుంటకును దూరమున నొక మొదలు చోటుండును. అచ్చటినుండి బంతిని కర్రతో కొట్టుచు పోయి గుంటలో వేయవలెను. నిపుణుడైన ఆటగాడు ఎన్ని దెబ్బలలో వేయగలడో ఆ లెక్కకు పార్ అని పేరు. అది గుంటను బట్టి మూడో, నాలుగో, అయిదో యగును. మొత్తము సాధారణముగా 72 వరకు వచ్చును. తక్కువ దెబ్బలలో ముగించినవారిదే గెలుపు.

పోటీ రెండు విధములు. అన్ని గుంటలకును కొట్టిన దెబ్బలను కూడి చూచుట స్ట్రోక్ ప్లే. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఏ గుంట నెవరు గెలిచిరో లెక్కించుట మ్యాచ్ ప్లే. మొదటి విధమున నొక గుంటవద్ద చేసిన పెద్దతప్పు కడవరకు వెన్నాడును. రెండవ విధమున ఎంత పెద్దతప్పు చేసినను పోవునది ఆ యొక్క గుంటయే. మరుసటి గుంటవద్ద ఆట మరల మొదలగును.

ఒంటరిగా ఆడు నీ యాటలో జట్టెట్లేర్పడును? కళాశాల పోటీలలో నొక్కొక్క జట్టుకు అయిదుగురు ఆడుదురు. స్ట్రోక్ ప్లేలో ప్రతిదినమును ఆ యైదుగురిలో మేలైన నలుగురి లెక్కలే జట్టు లెక్కలోనికి వచ్చును. అనగా ఒకరి చెడుదినమును తక్కిన నలుగురు కాపాడవచ్చును. 2015 నుండి అమెరికా జాతీయ కళాశాలా పోటీలో, స్ట్రోక్ ప్లేలో ముందు నిలిచిన ఎనిమిది జట్లు పిమ్మట మ్యాచ్ ప్లేలో తలపడుచున్నవి. అందు అయిదు జోడులలో మూడు గెలిచిన జట్టుదే విజయము. ఇచ్చట నెవరి ఓటమియు కప్పిపుచ్చబడదు. ఎవరి గెలుపైనను జట్టును నిలుపవచ్చును.

పూర్వచరిత్ర

అమెరికాలో స్త్రీల కళాశాలా గోల్ఫ్ పోటీ ఒక అధ్యాపకురాలి పట్టుదలవలన మొదలైనది. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున స్త్రీల వ్యాయామవిద్యకు పెద్దయైన గ్లాడిస్ పామర్, 1941లో స్త్రీలకు మొదటి జాతీయ కళాశాలా గోల్ఫ్ పోటీని నడపెను. స్త్రీలకు పోటీలాటలు తగవని పలువురు విద్యావేత్తలు వాదించుచున్న కాలమది. ఆ పోటీలో అలబామాకు చెందిన ఎలియనార్ డడ్లీ గెలిచెను. యుద్ధకాలమున పోటీ ఆగి, 1946లో మరల మొదలైనది.

స్టాన్‌ఫర్డ్ చరిత్ర మరియొక విధముగా బోధకము. ఏకైక పుత్రుని పోగొట్టుకొన్న లీలండ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతులు ఆతని స్మృతికై స్థాపించిన యా విశ్వవిద్యాలయము 1891లో తెరువబడినది. మొదటిదినమునుండియు స్త్రీలకు ప్రవేశము కలదు. కాని విద్యార్థినుల సంఖ్య వేగముగా పెరుగుట చూచి, 1899లో జేన్ స్టాన్‌ఫర్డ్ స్త్రీలు ఏ కాలమునను 500 మందికి మించరాదని హద్దు విధించెను. ఆ హద్దు 1933 వరకు నిలిచెను. తలుపు తెరచియుంచుట వేరు, గడప తొలగించుట వేరు అనుట కిది నిదర్శనము. విశ్వవిద్యాలయపు సొంత గోల్ఫ్ మైదానము 1930లో ఏర్పడినది. అనంతర కాలమున స్త్రీల గోల్ఫ్‌లో శిఖరమై, 82 వృత్తిపోటీలు గెలిచిన మికీ రైట్ స్టాన్‌ఫర్డ్‌లో ఒక సంవత్సరము మాత్రమే చదివి, 1954లో చదువు విడిచి వృత్తిలో ప్రవేశించెను. చదువును ఆటను కలిపి మోయగల యేర్పాటు ఆనాటి బాలికకు లేకుండెను.

ముప్పదియేడు మాటల శాసనము

ఆ యేర్పాటు 1972లో వచ్చినది. ఆ సంవత్సరము జూను 23వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ సంతకము చేసిన విద్యాశాసనమున తొమ్మిదవ భాగము ఆంగ్లమున 37 మాటలు మాత్రమే. ప్రభుత్వధనము పొందు ఏ విద్యాకార్యక్రమమునందును స్త్రీపురుష భేదమునుబట్టి యెవ్వరికిని అవకాశము నిరాకరింపరాదనుట దాని సారాంశము. అందు ఆట అను మాటయే లేదు. దానికై పాటుపడినవారిలో నొకరైన పాట్సీ మింక్, స్త్రీ యైన కారణముచే వైద్యకళాశాలలలో ప్రవేశము పొందజాలని వనిత. శాసనము తలుపులు తెరువదలచినది ముఖ్యముగా తరగతి గదులకు. కాని ఆటయు విద్యలో భాగమే కాన, మైదానమునకును అది వర్తించినది.

దాని ఫలితము అంకెలలో స్పష్టము. 1971–72లో అమెరికా ఉన్నతపాఠశాలలలో ఆటలాడు బాలురు సుమారు 36 లక్షల 70 వేలు కాగా, బాలికలు 2 లక్షల 94 వేలు మాత్రమే. అర్ధశతాబ్ది గడచునప్పటికి బాలికల సంఖ్య ముప్పదిలక్షలు దాటినది. కళాశాలలు బాలికలకును క్రీడావేతనము లీయసాగెను. గోల్ఫ్ విషయమున, 2025కు పూర్వపు నియమముల ప్రకారము, ప్రథమశ్రేణి కళాశాల యొక్కటి స్త్రీల జట్టుకు ఆరు పూర్తివేతనములకు సమానమైన సొమ్ము నీయవచ్చును. పురుషుల జట్టుకు నాలుగున్నర మాత్రమే. ఆ సొమ్మును పలువురికి పంచవచ్చును గూడ.

1982లో జాతీయ కళాశాలా క్రీడాసంఘము స్త్రీల గోల్ఫ్ పోటీని చేపట్టగా తొలి విజయము తుల్సాది. అటుపిమ్మట ఎనిమిది పర్యాయములు గెలిచిన ఆరిజోనా స్టేట్, ఏడు పర్యాయములు గెలిచిన డ్యూక్ ముందు నిలిచినవి. ఆ కాలమంతయు స్టాన్‌ఫర్డ్ మహిళలు జాతీయ విజేతలు కాలేదు. ముప్పదిమూడేండ్లు వేచిరి.

విజయపరంపర

2012లో స్కాట్లండు దేశీయురాలైన యాన్ వాకర్ జట్టునకు శిక్షకురాలిగా వచ్చెను. ఆమె స్వయముగా బర్క్‌లీలో చదువుచు కళాశాల జట్టున ఆడినది. పిమ్మట డేవిస్‌లో శిక్షణ నిచ్చినది. మూడేండ్లకు, 2015లో, ఫ్లోరిడా రాష్ట్రపు బ్రేడెంటన్‌లో జరిగిన పోటీలో స్టాన్‌ఫర్డ్ తుదిపోరున బేలర్ జట్టు నెదుర్కొనెను. నాలుగు జోడులు చెరి రెండుగా ముగిసెను. మిగిలినది మరియా స్టాక్‌హౌస్ ఆట. రెండే గుంటలు మిగిలియుండగా ఆమె రెండు గుంటలు వెనుకబడియుండెను. ఒక్కటి తప్పినను జట్టు ఓడును. ఆ రెంటిని ఆమె గెలిచి సమము చేసి, పందొమ్మిదవ గుంటవద్ద పోటీని గెలిచెను. స్టాన్‌ఫర్డ్‌కు అదియే ప్రథమ విజయము. మరుసటి యేడు తుదిపోరులో వాషింగ్టన్ చేతిలో అదే జట్టు 3–2 తేడాతో ఓడెను.

2021లో రేచెల్ హెక్ వ్యక్తిగత విజేత యయ్యెను. 2022లో రోజ్ జాంగ్. ఆ 2022లోనే ఆరిజోనాలో ఆరెగన్ జట్టును 3–2 తేడాతో ఓడించి స్టాన్‌ఫర్డ్ రెండవసారి గెలిచినది. జాంగ్ 2023లో మరల వ్యక్తిగత విజేత యై, ఆ బిరుదును రెండుమారులు పొందిన తొలి స్త్రీ యయ్యెను. రెండేండ్లలో ఆడిన 20 కళాశాలా పోటీలలో 12 గెలిచి, అదే విశ్వవిద్యాలయమున చదివిన టైగర్ వుడ్స్ లెక్కయైన 11ను దాటెను. 2024లో కాలిఫోర్నియాలోని లా కోస్టాలో యు.సి.ఎల్.ఎ. జట్టుపై 3–2తో మూడవ విజయము. 2025లో అదే మైదానమున, అదే 3–2 తేడాతో, నార్త్‌వెస్టర్న్ చేతిలో ఓటమి. మూడు విజయములును రెండు తుదిపోరు ఓటములును ఒక్క జోడు తేడాతోనే తెగినవని పాఠకులు గుర్తింపవలెను. జట్టులోని యైదవ బాలిక కూడ మొదటి బాలికతో సమానముగా విలువైనదని యీ అంకెయే చెప్పుచున్నది.

మేఘా గన్నే

2024 నాటి విజేత జట్టులో నొకరు మేఘా గన్నే. భారతీయ సంతతికి చెందిన దంపతుల కుమార్తె. న్యూజెర్సీ రాష్ట్రపు హోమ్‌డెల్ ఆమె స్వస్థలము. గన్నే అను ఇంటిపేరు తెలుగునాటను వినబడునదే. 2021 జూనులో, ఇంకను పాఠశాల విద్యార్థినిగా, 17 ఏండ్ల వయస్సున, సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికా మహిళా ఓపెన్ పోటీలో మొదటిదినము 67 దెబ్బలతో అగ్రస్థానమున సమముగా నిలిచి పెద్దల నచ్చెరువొందించెను. కడదినము ఆట కుంటుపడి 77 వచ్చినను, పదునాలుగవ స్థానమున సమముగా నిలిచి, వృత్తిలో చేరనివారిలో ప్రథమురాలయ్యెను.

ఆ కీర్తిని సొమ్ము చేసికొని వెంటనే వృత్తిలో చేరుటకు దారి తెరచియుండినను ఆమె స్టాన్‌ఫర్డ్‌లో చేరెను. చదువుచునే జట్టునకు ఆడుచు, 2025 ఆగస్టులో ఆరెగన్ రాష్ట్రపు బాండన్ డ్యూన్స్‌లో అమెరికా మహిళా అమెచ్యూర్ పోటీ తుదిపోరున బ్రూక్ బియర్మన్‌ను 4–3 తేడాతో గెలిచెను. మూడు గుంటలే మిగిలియుండగా నాలుగు గుంటలు ముందుండుటచే ఆట అచ్చటనే ముగిసినదని దీనికర్థము. ఆ పోటీ 1895 నుండి జరుగుచున్నది.

విజయమునకు హేతువులు

ఈ విజయములను ప్రతిభకు మాత్రమే అంటగట్టుట పొరపాటు. ప్రతిభ మికీ రైట్ నాడును కలదు. లోపించినవి తక్కినవి: హక్కు నిచ్చిన శాసనము, ఖర్చు భరించు వేతనము, ఏండ్ల తరబడి నిలిచిన శిక్షకురాలు, తరగతుల వేళలకును ఆట వేళలకును పొత్తు కుదిర్చిన కళాశాల. ఈ నాలుగును కూడినప్పుడే బాలికకు చదువా ఆటయా అను సంకటము తొలగినది.

ఆ సంకటము తొలగినచో బాలిక తన దారి తానే ఎన్నుకొనగలదు. రోజ్ జాంగ్ 2023లో వృత్తిలో చేరి, మొదటి పోటీయే గెలిచెను. 1951 తరువాత అట్టి గెలుపు స్త్రీలలో అదియే తొలిది. రేచెల్ హెక్ వృత్తి క్రీడలో చేరనని తెలిపి, 2024లో పట్టము పొంది వాయుసేనలో అధికారి యయ్యెను. మిషెల్ వీ మునుపే, 2005లో, వృత్తిలో చేరుటచే కళాశాల జట్టున ఆడు నర్హత కోల్పోయినను, స్టాన్‌ఫర్డ్‌లో చదివి 2012లో పట్టభద్రురాలయ్యెను. ముగ్గురి దారులును వేరు; ఎవరికిని ఆటవలన చదువు చెడలేదు.

కర్ణాటకమున వేరొక దారియు కనబడుచున్నది. బెంగుళూరు బాలిక అదితీ అశోక్ కళాశాల జట్టు మార్గమున గాక నేరుగా 2016లో వృత్తిలో చేరి, 18వ యేట రియో ఒలింపిక్సున ఆడి, 2021లో టోక్యోలో నాలుగవ స్థానము పొందెను. మైసూరు యువతి ప్రణవీ అర్స్ సైతము వృత్తిలో రాణించుచున్నది. అయితే యీ దారిలో భారమంతయు కుటుంబముపైననే పడును. మోయగల కుటుంబములు కొన్నియే. కళాశాల జట్టు చేయు ముఖ్యోపకారము ఆ భారమును పంచుకొనుటయే.

రాయచూరు మండలపు కళాశాలలు గోల్ఫ్ మైదానములు నిర్మింపనక్కరలేదు. ఖోఖో, వాలీబాల్, పరుగుపందెములకు కావలసిన నేల పెద్దది కాదు. కావలసినది బాలికల జట్టునకు ఏటేట నిలుచు నొక శిక్షకురాలు, ఆటవేళను గౌరవించు కాలపట్టిక, ఫీజులో కొంత తగ్గింపు, సాయంకాలము పిల్ల ఆలస్యముగా వచ్చినను తలుపు తెరచియుంచు ఇల్లు. స్టాన్‌ఫర్డ్ జట్టు తొలి విజయమునకు 1982 తరువాత ముప్పదిమూడేండ్లు పట్టినది. విత్తనము వేసి ఫలమునకు వేచియుండుట కాలువక్రింద సేద్యము చేసిన కుటుంబములకు కొత్త సంగతి కాదు. తమ కుమార్తెల యాటవిషయమునను ఆ యోర్పును చూపుట వారి చేతిలోని పని.