ఆసుపత్రి బిల్లు అప్పుగా మారినప్పుడు

వ్యాధి కబురు పెట్టి రాదు. వడ్డీకి దూరంగా ఉండాలని ఏళ్ల తరబడి జాగ్రత్తపడిన కుటుంబం సైతం, ఐసీయూ ద్వారం వద్ద నిలబడినప్పుడు క్రెడిట్ కార్డునో, ఫోన్‌లోని రుణ యాప్‌నో ఆశ్రయిస్తుంది. రోగి కోలుకుని ఇల్లు చేరిన కొన్ని నెలలకు వసూలు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు భయం కన్నా అవగాహన అవసరం.

ఆసుపత్రికి బాకీపడటం వేరు, ఆ బాకీ తీర్చడానికి బ్యాంకుకు బాకీపడటం వేరు. మన దేశంలో ఆసుపత్రి బాకీ సాధారణంగా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కదు. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఇచ్చిన రుణాలు, కార్డుల బాకీలే అందులో ఉంటాయి. బిల్లును కార్డుపై వాయిదాలుగా మార్చుకున్నామంటే, ఆ తరువాతి ప్రతి ఆలస్యమూ అక్కడ నమోదవుతుంది. కనుక సంతకానికి ముందే ఖర్చుల వారీగా బిల్లు అడగాలి. ఆరోగ్య పథకాలేవైనా వర్తిస్తాయేమో విచారించాలి. ఆసుపత్రికే విడతలుగా చెల్లించేందుకు గడువు కోరాలి. వివరమైన బిల్లు రోగి హక్కు అనీ, బాకీ పేరిట రోగిని గానీ మృతదేహాన్ని గానీ ఆపి ఉంచరాదనీ జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది.

అప్పు తీసుకున్నంత మాత్రాన పరువు తాకట్టు పెట్టినట్లు కాదు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోన్ చేయరాదు. బెదిరించరాదు, దూషించరాదు, బంధుమిత్రుల ముందు అవమానించరాదు. అప్పులో గానీ జామీనులో గానీ సంతకం లేని బంధువుల సొంత సొమ్ము అడిగే హక్కు వారికి లేదు. వచ్చిన ఫోన్ల తేదీ, సమయం రాసి ఉంచుకోవాలి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వక, రుణసంస్థ ఖాతాకే చెల్లించి రసీదు పొందాలి. వేధిస్తే ముందు ఆ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తగిన సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే 4 సంస్థలూ ఏడాదికొకసారి మన పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. తీర్చిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే అభ్యంతరం తెలపాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపై రోజుకు రూ. 100 చొప్పున పరిహారం పొందవచ్చు. కొంత తగ్గించుకుని రాజీపడిన అప్పు ‘సెటిల్డ్’ అని, పూర్తిగా తీర్చినది ‘క్లోజ్డ్’ అని నమోదవుతుంది. మొదటిది తరువాతి రుణాలకు ఆటంకం కాగలదు. రాజీ షరతులను ముందే కాగితంపై తీసుకోవాలి. చెల్లింపు ముగిశాక బాకీ లేదన్న ధ్రువపత్రమూ పొందాలి.

అప్పును రాసుకోవాలన్నది బఖరా సూరా 282వ ఆయతు బోధ. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వాలన్నది 280వ ఆయతు బోధ. తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు అర్హులలో రుణగ్రస్తులనూ చేర్చింది. కాబట్టి వైద్యం కోసం అప్పులపాలైన కుటుంబం సిగ్గుతో ఫోన్ ఆపివేసుకుని కూర్చోనవసరం లేదు. తీర్చే సంకల్పంతో లెక్క ముందుంచుకుని, బంధువులతో, మసీదు కమిటీతో మాట్లాడాలి. జకాత్ ఇచ్చేవారు కూడా ఈ రమజాన్‌లో తమ బంధువర్గంలో, వీధిలో అటువంటి ఇల్లు ఉందేమో తామే విచారించాలని మా మనవి.