నాయకులను తీర్చిన గురువు

నాయకత్వం పుట్టుకతో వచ్చే గుణమని పలువురి అభిప్రాయం. కాని అది పాఠం వలెనే నేర్పదగినదని నమ్మి, ఆ నమ్మకానికై తన ఉద్యోగాన్నే పణంగా ఒడ్డిన ఉపాధ్యాయుడొకరు అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో ఉండేవారు. ఆయన పేరు సాల్ కాస్ట్రో.

మెక్సికో మొదలైన లాటిన్ అమెరికా దేశాలకు చెందిన కుటుంబాలవారిని అమెరికాలో లాటినోలని వ్యవహరిస్తారు. వారిలో కొందరి పూర్వులు వలస వచ్చినవారు కారు; 1848లో సరిహద్దు మారినందువల్ల ఉన్నచోటనే అమెరికా పౌరులైనవారు. కాస్ట్రో 1933లో లాస్ ఏంజెలిస్‌లో మెక్సికన్ దంపతులకు జన్మించారు. కొంతకాలం మెక్సికోలో స్పానిష్ భాషలో చదువుకొని తిరిగి వచ్చిన ఆ బాలుణ్ణి, ఇంగ్లీషు రాదన్న కారణాన తరగతిలో ఒక మూల కూర్చుండబెట్టారు. భాష రాకపోవడం తెలివి లేకపోవడంగా చెల్లిపోయే రోజులవి.

ఆయన ఉపాధ్యాయుడయ్యేనాటికి కూడా ఆ స్థితి మారలేదు. 1960 దశకంలో తూర్పు లాస్ ఏంజెలిస్ ఉన్నత పాఠశాలలు పలువురు లాటినో విద్యార్థులను కళాశాల చదువులవైపు కాక చేతిపనులవైపు మళ్లించేవి. బడిలో స్పానిష్ మాట్లాడితే దండన. కొన్ని పాఠశాలలలో దాదాపు సగం మంది చదువు ముగియకుండానే బడి మానేవారు. ఉపాధ్యాయులలో తమవారు కనబడడమే అరుదు.

1963లో మాలిబూలో మెక్సికన్ అమెరికన్ యువజనుల కొరకు ఒక నాయకత్వ శిబిరం జరిగినది. ఆ శిబిరాలకు కాస్ట్రో ప్రాణం పోశారు. వివిధ పాఠశాలల బాలబాలికలు అక్కడ కలుసుకొని తమ బడుల స్థితిగతులను చర్చించుకొనేవారు. తన ఒక్కరి లోపమని ఎవరికి వారు కుమిలిపోయిన విషయం అందరి అనుభవమేనని తేలినప్పుడు, లోపం తమలో లేదని గ్రహించారు. నాయకత్వానికి ఇదే తొలిపాఠం.

1968 మార్చిలో ఆ పాఠం వీధికెక్కినది. వేలాది విద్యార్థులు తరగతులు విడిచి బయటికి నడిచారు. తమ చరిత్రను బోధించాలనీ, రెండు భాషలలో విద్య నేర్పాలనీ, తమవారిని ఉపాధ్యాయులుగా నియమించాలనీ వారి కోర్కెలు. కొన్నిచోట్ల పోలీసులు వారిని కొట్టారు. లింకన్ ఉన్నత పాఠశాలలో బోధిస్తున్న కాస్ట్రో తన విద్యార్థుల వెంట నడిచారు. మరి పన్నెండుగురితో పాటు ఆయనపై కుట్ర నేరం మోపారు. బోధన నుండి తొలగించారు. ప్రజలు విద్యామండలి కార్యాలయంలోనే బైఠాయించగా ఆ యేడే తిరిగి ఉద్యోగం లభించినది. 1970లో న్యాయస్థానం ఆ అభియోగాలను కొట్టివేసినది.

కోర్కెలన్నీ వెంటనే ఫలించలేదు. కాని విత్తనం వృథా కాలేదు. ఆ శిబిరంలో పాల్గొన్న విక్కీ కాస్ట్రో అనే విద్యార్థిని—పేరు కలిసినదే కాని బంధుత్వం లేదు—ఉపాధ్యాయురాలై, ప్రధానోపాధ్యాయురాలై, 1993లో లాస్ ఏంజెలిస్ విద్యామండలి సభ్యురాలిగా ఎన్నికైనది. ఏ మండలి గురువును తొలగించినదో, ఆ మండలిలోనే శిష్యురాలు ఆసనం అలంకరించినది. 2010లో ఒక మాధ్యమిక పాఠశాలకు సాల్ కాస్ట్రో పేరు పెట్టారు. 2013లో ఆయన కన్నుమూశారు.

నేడు ఆ నగరపు ప్రభుత్వ పాఠశాలలలో సుమారు నాల్గింట మూడు వంతుల విద్యార్థులు లాటినోలే. వారిలో రేపటి నాయకులెవరో ఏ పరీక్షా ముందుగా చెప్పజాలదు. తరగతిలో మూల కూర్చున్న బాలుని వద్దకు వెళ్లి, అతని మాట వినే ఉపాధ్యాయునికే అది ముందుగా తెలియవచ్చును.